సందేహం అడిగే పిల్ల

"అన్వేషణ పద్ధతికి సోపానాలు ఐదు. రాసుకోండమ్మా" అన్నారు జోగారావుగారు, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని. "మొదటిది, సమస్యను గుర్తించుట."

రాసుకున్నాం. మా డీఎడ్ కాలేజీలో మేం చేసే పని అదొక్కటే. పిల్లలకు ప్రశ్నించే స్వేచ్ఛ ఇవ్వాలనీ, జవాబు ముందుగా చెప్పేయకూడదనీ, వాళ్లంతట వాళ్లే కనుక్కోవాలనీ ఆయన పసుపు పచ్చబడ్డ నోట్సు చూసి చదువుతుంటే, తలెత్తకుండా రాసుకున్నాం. వెనక బెంచీ నుంచి ఎవరో "సార్, ఒక డౌటు" అన్నారు.

"అన్వేషణ పద్ధతి చెప్పేటప్పుడు మధ్యలో ప్రశ్నలేంటమ్మా? డిక్టేషన్ తప్పిపోదూ?" అని కసిరారు ఆయన.

నాకు నవ్వాగలేదు. నవ్వినందుకు నన్ను నిలబెట్టారు. నిలబడే మిగతా నాలుగు సోపానాలూ రాసుకున్నాను.

మా కాలేజీ అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో ఒక బిల్డింగు పై అంతస్తులో ఉండేది. కింద అంతస్తులన్నీ కంప్యూటర్ కోచింగులవాళ్లవి. అవి ఎవరు పడితే వాళ్లు జావా చెప్పే రోజులు, ఎవరు పడితే వాళ్లు నేర్చుకునే రోజులు. బస్సు దిగి కాలేజీకి చేరేలోపు చేతిలో నాలుగు రంగుల పాంప్లెట్లు కుక్కేవాళ్లు. ఆ కుర్రాళ్లను తోసుకుంటూ మెట్లెక్కి పైకి వెళ్తే అక్కడ మేం, రేపటి పిల్లలకు సైన్సు చెప్పబోయే ఛాత్రోపాధ్యాయులం. పేరు చూడండి, నోట్లో వక్క పెట్టుకుని పలికినట్టుంటుంది. 'ప్రయోగశాల' అని ఒక గది మీద బోర్డుండేది. గదిలో ఒక బీరువా ఉండేది. బీరువా తాళం ప్రిన్సిపాల్‌గారి జేబులో ఉండేది. ప్రిన్సిపాలూ, సైన్సు లెక్చరరూ, మా ప్రాణానికి యముడూ అన్నీ జోగారావుగారే.

నా పేరు మంజూష. పెళ్లయ్యాక తెనాలి నుంచి వచ్చి, మా ఆయన వంశీధర్ ఆఫీసుకి వెళ్లాక గోడలు చూస్తూ కూచోలేక ఈ కాలేజీలో చేరాను. పాసైనా ఫెయిలైనా నాకు పోయేదేమీ లేదు. అందుకే నా నోటికి అదుపుండేది కాదు. నా పక్కన కూచునే దివ్యశ్రీ సంగతి వేరు.

దివ్యశ్రీ వాళ్లది ఎర్రగడ్డ. వాళ్ల నాన్న రాజనర్సయ్య బస్సు డిపోలో మెకానిక్. అన్న రాకేశ్ మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టూల్స్ కోర్సు చేసి మాదాపూర్‌లో ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఇక ఆ ఇంట్లో అందరి నోటా టెస్టింగే. చెల్లెల్ని కూడా అందులోనే చేర్పిస్తానని పట్టుబట్టాడు. ఈ పిల్ల ఏడ్చి, అన్నం మానేసి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. ఈ ఏడు డీఎడ్ పాసై డీఎస్సీ రాస్తే టీచరమ్మ. ఫెయిలైతే నోరెత్తకుండా టెస్టింగ్‌లో చేరాలి. డీఎస్సీ నోటిఫికేషన్ పడబోతోందని అప్పటికే పేపర్లు రోజూ ఊరిస్తున్నాయి.

"టీచర్ ఉద్యోగం మీద ఎందుకే అంత పిచ్చి?" అని అడిగాను ఒకసారి.

"పిల్లగాండ్లు ఏమన్న అడిగితె మస్తు ఖుషీ అయితదక్కా నాకు" అంది. "మేం అడిగితె మా సార్లు వీపు పగలగొట్టెటోళ్లు. అడిగితె కొట్టని టీచర్ ఒక్కరన్న ఉండాలె గద."

ఇంత తెలివితక్కువ పిల్ల ఈ కాలేజీలో ఎలా నెగ్గుకొస్తుందా అనుకున్నాను.

ఫైనల్ ప్రాక్టికల్ అంటే డెమో పాఠం. పంజాగుట్టలో షాపుల వెనక సందులో, ఏడో తరగతి దాకా ఉన్న ఒక సర్కారు బడి ఉంది. అక్కడి పిల్లల ముందు అన్వేషణ పద్ధతిలో పాఠం చెప్పాలి. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కూచుని మార్కులు వేస్తాడు. పాఠం ఏటా ఒకటే. బీరువాలో ఒక హార్లిక్స్ సీసా ఉండేది. దాని మీద గోళ్లరంగుతో గీసిన ఎర్రటి గీత ఉండేది. ఏ బ్యాచ్ అమ్మాయి గీసిందో తెలియదు. పళ్లెంలో రంగునీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద సీసా బోర్లిస్తే కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు సీసాలోకి ఎక్కుతాయి. ఎంత ఎక్కాలి? సీసాలో ఐదో వంతు. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు కాబట్టి, అది ఖర్చయిన మేరకు నీళ్లొస్తాయట. జోగారావుగారి నోట్సులో అలాగే ఉంది. నీళ్లకు ఆ నోట్సు అందలేదు కాబోలు, ఒకసారి గీత కిందే ఆగేవి, ఒకసారి గీత దాటి పోయేవి.

దానికి మందు సీనియర్ల దగ్గర ఉండేది. "సీసాని వెంటనే దించకు. మంట మీద కాసేపు పట్టుకుని అప్పుడు దించు. మరీ ఎక్కువసేపు పట్టావో గీత దాటిపోతుంది, జాగ్రత్త" అని చెవిలో చెప్పేవాళ్లు. చెయ్యి తిరిగేదాకా అందరం అదే ప్రాక్టీసు చేశాం, దోసెలు పొయ్యడం నేర్చుకున్నట్టు. నీళ్లు ఎంత ఎక్కుతాయో మంట మీద సీసా పట్టుకున్న సేపును బట్టి మారుతుంటే, ఇక అందులో ఆక్సిజన్ గొప్పేమిటని ఏ బ్యాచ్‌లోనూ ఒక్కరికీ తట్టలేదు. పైగా అందరం సైన్సు టీచర్లం కాబోతున్నాం.

సీసా సంగతి అలా ఉంటే పిల్లల సంగతి ఇంకా బాగుంటుంది. మా లెసన్ ప్లానులో 'విద్యార్థుల స్పందన' అని ఒక గడి ఉండేది. పాఠం జరగక ముందే పిల్లలు ఏమనబోతారో అందులో రాసేసేవాళ్లం. తర్వాత ఆ బడికి వెళ్లి, రాసినదాన్ని పిల్లలకు బట్టీ పట్టించేవాళ్లం. అందరూ కరెక్టుగా చెబితే ఎగ్జామినర్‌కి అనుమానం వస్తుందని, తప్పు జవాబు చెప్పడానికి ఒక పిల్లాణ్ని పెట్టేవాళ్లం. చివర్లో సందేహం అడగడానికి ఒక పిల్లను పెట్టేవాళ్లం. గొంతు స్పష్టంగా ఉండాలి, జడలు నున్నగా దువ్వి ఉండాలి. "టీచర్, మనం పీల్చేది కూడా ఆక్సిజనేనా?" అని ఆ పిల్ల అడగాలి. "శభాష్, మంచి ప్రశ్న!" అని మనం మురిసిపోవాలి. అన్వేషణ అంటే ఇదన్నమాట.

ఆ ఏడు సందేహం అడిగే ఉద్యోగం రేణుక అనే ఆరో తరగతి పిల్లకు వచ్చింది. నా డెమోలో చిలకలా అడిగింది. నేను శభాష్ అన్నాను. నాకు మార్కులు దండిగా పడ్డాయి.

మర్నాడు దివ్యశ్రీ వంతు. ఎగ్జామినర్ హనుమత్ప్రసాద్‌గారు పంజాగుట్ట హోటల్లో మా కాలేజీ పెట్టించిన బిర్యానీ తిని వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు సగం మూసుకున్నారు. పక్కన జోగారావుగారు, అల్లుడికి మర్యాదలు చేసే మామగారిలా విసనకర్రతో సహా. నేను సామాన్లు అందించడానికి బల్ల దగ్గర నిలబడ్డాను.

దివ్యశ్రీ చక్కగానే మొదలుపెట్టింది. కొవ్వొత్తి వెలిగించింది, సీసా మంట మీద పట్టుకోవాల్సినంత సేపు పట్టుకుని దించింది. కొవ్వొత్తి ఆరిపోయింది. తప్పు జవాబు పిల్లాడు తప్పు చెప్పాడు, కరెక్టు జవాబు పిల్ల కరెక్టు చెప్పింది. నీళ్లు ఎర్రగీత వైపు ఎక్కుతున్నాయి. ఇక రేణుక లేచి అడిగేస్తే అయిపోతుంది.

రేణుక లేచింది. సీసా వైపే చూస్తోంది.

"టీచర్, దీపం ఆరిపాయె గద" అంది. "ఆక్సిజన్ అయిపాయె గద. మరి నీళ్లు ఇంక ఎందుకు ఎక్కుతున్నయి?"

నేనూ చూశాను. నిజమే. మంట ఉన్నంతసేపూ నీళ్లు కదలనే లేదు. ఆరిపోయాకే తీరిగ్గా ఎక్కుతున్నాయి. సీనియర్లు, జూనియర్లు, లెక్చరర్లు, ఎగ్జామినర్లు, ఇన్నేళ్లుగా ఇంతమంది కళ్లెదురుగా ఎక్కాయి ఆ నీళ్లు. అందరం గీతనే చూశాం.

జోగారావుగారు విసనకర్ర ఆపి, వెనక నుంచి పెదాలు కదిలిస్తూ "ఆక్సిజన్... ఆక్సిజన్ అను" అని సైగ చేస్తున్నారు. ఆ ఒక్క మాట అనేసి శభాష్ అంటే దివ్యశ్రీ గట్టెక్కుతుంది. దివ్యశ్రీ ఆయన్ని చూసింది. సీసాని చూసింది. తర్వాత రేణుకను చూసింది.

"నాకు తెల్వదు రేణుకా" అంది. "చూద్దామా?"

ఆ తర్వాత క్లాసు క్లాసులా లేదు. ఎవడో "మూడు దీపాలు పెట్టు టీచర్" అన్నాడు. పెట్టింది. నీళ్లు గీత దాటి ఎక్కడికో పోయాయి. "ఆక్సిజన్ మూడంతలు అయ్యిందా ఏంది?" అని తప్పు జవాబు పిల్లాడు తనంతట తనే అడిగాడు. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. రేణుక సీసా ముట్టుకుని "అబ్బ, కాలుతుంది" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. "సల్లనీళ్లు పోద్దాం" అంది ఇంకో పిల్ల. సీసా మీద చన్నీళ్లు పోశారు. లోపల నీళ్లు ఇంకాస్త ఎక్కాయి. పిల్లలు కేకలు పెట్టారు. దివ్యశ్రీ కూడా వాళ్లతో పాటే కేక పెట్టింది. ఆ రెండేళ్లలో నేను చూసిన సైన్సు క్లాసు అదొక్కటే.

కేకలకు హనుమత్ప్రసాద్‌గారి కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. బెల్లు కొట్టారు. బోర్డు మీద సారాంశం లేదు, ముగింపు లేదు, సోపానాలు ఐదూ గంగలో కలిశాయి.

"ఏమ్మా, పిల్లల ముందు తెలియదంటావా?" అన్నారాయన లేస్తూ. "తెలియనిదానివి టీచరెందుకు అవుతావు?"

"ఎర్రగడ్డ పిల్ల కదండీ, అక్కడి పిచ్చాసుపత్రి గాలి సోకినట్టుంది" అన్నారు జోగారావుగారు, మార్కుల షీటు అందిస్తూ. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ల నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చన్నీళ్ల మగ్గు చేతిలోనే ఉంది, సంస్కారం అడ్డొచ్చి ఊరుకున్నాను.

బ్యాచ్ మొత్తానికి దివ్యశ్రీ ఒక్కతే ప్రాక్టికల్లో ఫెయిలైంది. విషయ పరిజ్ఞానం లేదని కారణం.

రాకేశ్ మర్నాడే కాలేజీ మెట్ల కింద బండాపి నిలబడ్డాడు. "ఇగ చాలు తియ్యి" అన్నాడు. "నువ్వు గాడ ఏం చేసినవో పంజాగుట్ట మొత్తం తెల్సింది. నోట్సుల ఉన్నది చెప్పనీకి సుత రాలేదా నీకు?"

"సప్లిమెంటరీ ఉంది గద అన్నా. డీఎస్సీకి అప్పటిదాంక టైముంది."

"గదొక్కటే. గదీ పోయిందంటె మల్ల మాట్లాడొద్దు. టెస్టింగ్‌ల సీట్ మాట్లాడి పెడత."

దివ్యశ్రీ సరేనంది. బాధపడుతుందేమోనని నేను నోరు కట్టేసుకుని పక్కన నడిస్తే, ఆ మహాతల్లి అడిగిందేమిటో తెలుసా? "అక్కా, నీళ్లెందుకెక్కినయంటవ్?"

ఆ వారమే ఒక మధ్యాహ్నం నన్ను వెంటేసుకుని ఆ బడికి వెళ్లింది. రేణుకను పిలిచింది. ఫ్లాస్కులో తెచ్చిన వేడినీళ్లు ఇంటి నుంచి తెచ్చిన ఒక గాజు సీసాలో పోసి, ఆ వేడి సీసాకు పట్టాక పారబోసి, ఖాళీ సీసాని పళ్లెంలో బోర్లించింది. కొవ్వొత్తి లేదు, మంట లేదు. రంగునీళ్లు నెమ్మదిగా సీసాలోకి ఎక్కాయి.

రేణుక కాసేపు చూసింది. "లోపల గాలి వేడిగుండె. సల్లగయితుంటె దగ్గర పడుతుంది. జాగా ఖాళీ అయితె నీళ్లొస్తున్నయి" అంది మెల్లగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. తర్వాత ఒక్కసారిగా ఎగిరింది. "టీచర్! దీపంతోని పనే లేదు!"

దివ్యశ్రీ దాన్ని ఎత్తుకుని తిప్పింది. ఆరో తరగతి పిల్లను ఎత్తడమంటే మాటలా, ఇద్దరూ కింద పడ్డారు. నాకు ఎందుకో కళ్లు చెమర్చాయి. చెబితే నా పరువు పోతుందని ఫ్లాస్కు మూత బిగిస్తూ అటు తిరిగాను.

అప్పటికి జోగారావుగారు, హనుమత్ప్రసాద్‌గారు ఇద్దరూ ఏదో వర్క్‌షాపుకి వెళ్లొచ్చారు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాయన ఎవరో, టీచరు పిల్లల ముందు తెలియదని ఒప్పుకునే ధైర్యం ఉండాలి, వాళ్లతో కలిసి నేర్చుకోవాలి అని స్లైడ్లు వేసి మరీ చెప్పాడట. అందరూ చప్పట్లు కొట్టారట. జోగారావుగారు లేచి, మా కాలేజీలో ఆ పని ఎప్పుడో మొదలైందండీ అన్నారట. ఏ ఎండకా గొడుగు పట్టడంలో ఆయన డబుల్ ఎమ్మే.

సప్లిమెంటరీ ముందు మమ్మల్నందరినీ పిలిచి నోట్సులు తీయమన్నారు. పాసైపోయినవాళ్లం కూడా సర్టిఫికెట్లు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి కాబట్టి తీశాం.

"ఆరవ సోపానం. ఉపాధ్యాయుని వినయము" అని డిక్టేట్ చేశారు. "కొవ్వొత్తి ఆరిన పిమ్మట నీరు పైకి వచ్చుటను గూర్చి విద్యార్థి ప్రశ్నించును. అప్పుడు ఉపాధ్యాయుడు 'నాకు తెలియదు, చూద్దాం' అని పలుకవలెను. రాశారామ్మా? 'పలుకవలెను' కింద గీత గీయండి."

దివ్యశ్రీ పెన్ను ఆగిపోయింది. "సార్, గది నాకిప్పుడు తెల్సు" అంది.

"తెలిస్తే?"

"తెల్సి తెల్వదని ఎట్ల చెప్పాలె సార్?"

"మొన్న చెప్పావు కదమ్మా బ్రహ్మాండంగా. అలాగే" అన్నారు ఆయన, నిమ్మకు నీరెత్తినట్టు.

రిహార్సల్‌కి రేణుకనే పట్టుకొచ్చారు. సందేహం దానిదే కదా, పేటెంటు పిల్లది. "నాకు తెల్సు గద సార్, మల్ల ఎందుకడగాలె?" అంది అది. "తెలిస్తే సందేహం అడక్కూడదా? అడుగు!" అని జోగారావుగారు గదమాయించారు. పుస్తకం భాషలో నేర్పారు దానికి. నేర్చుకుంది. గొంతు స్పష్టంగా ఉన్న పిల్ల, ఎంతసేపు.

పరీక్షకు ముందు దివ్యశ్రీ నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నేను గట్ల చెప్పనంటె?"

"చెప్పనంటే టెస్టింగు" అన్నాను. "నీ బదులు, అడిగితే వీపు పగలగొట్టే ఇంకొకతె ఏదో ఒక బడిలో చేరుతుంది. నోరు మూసుకుని తెలియదని చెప్పు." నాకు వేరే మాట దొరకలేదు. ఇప్పటికీ దొరకడం లేదు.

అదే గది, అదే సీసా, అదే ఎర్రగీత. హనుమత్ప్రసాద్‌గారు ఈసారి నిటారుగా కూచున్నారు. కొవ్వొత్తి ఆరింది. నీళ్లు ఎక్కసాగాయి. రేణుక లేచి చేతులు కట్టుకుంది.

"ఉపాధ్యాయినిగారూ, దీపము ఆరిపోయిన పిమ్మట కూడా నీరు ఏల పైకి వచ్చుచున్నది?"

గుమ్మం బయట రాకేశ్ బండి తాళాలు వేలికి తిప్పుతూ నిలబడి ఉన్నాడు. జోగారావుగారి పెదాలు కదులుతున్నాయి.

"నాకు తెలియదు" అంది దివ్యశ్రీ. "చూద్దాం."

రేణుక ఆమెనే చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తిట్టినా బాగుండేది. తర్వాత నేర్పినట్టే "ధన్యవాదాలు టీచర్" అని కూచుంది.

"వెరీ గుడ్! సహజంగా వచ్చింది. మీరంతా చూసి నేర్చుకోండి" అన్నారు హనుమత్ప్రసాద్‌గారు మా వైపు తిరిగి. నిజంగా తెలియక తెలియదంటే ఫెయిల్ చేసిన చేత్తోనే, తెలిసి తెలియదన్నందుకు నాకంటే ఎక్కువ మార్కులు వేశారు. రాకేశ్ గుమ్మంలోంచే "శభాష్ చెల్లే" అన్నాడు. జోగారావుగారు సీసాని తుడిచి, బీరువాలో పెట్టడానికి స్వయంగా సంచిలో సర్దుకున్నారు.

సామాన్లు పట్టుకుని మేం గేటు దాకా వచ్చాం. పంజాగుట్ట ట్రాఫిక్ హారన్లు సందులోకి వినిపిస్తున్నాయి. రేణుక వెనకాలే పరుగెత్తుకొచ్చి దివ్యశ్రీ చున్నీ కొస పట్టుకుంది.

"టీచర్, పాసయినవా?"

"అయిన."

"అయితె ఇగ నువ్వు అసలు టీచర్‌వి అయినట్టేనా?"

దివ్యశ్రీ వంగి, దాని జడ రిబ్బను ఊడిపోతుంటే ముడివేసింది. ముడివేయడానికి చాలాసేపు పట్టింది.

"తెల్వదు రేణుకా" అంది.